మోకాలి కింది గాలి

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎర్లాంగెన్‌లో నన్ను కలిసినప్పుడల్లా ఒకటే ప్రశ్న అడుగుతారు. "అంకుల్, ఏ మీటర్ కొంటే బెస్ట్?" కాఫీ తాగించి పంపించేస్తుంటాను. చెప్పాల్సింది ఒక్క కాఫీలో అయ్యేది కాదు, పైగా చెబితే నా పరువు పోయే సంగతి. ఇప్పుడు రిటైరయ్యాను. పరువుతో పెద్దగా పనిలేదు కాబట్టి రాస్తున్నాను.

నేలలోంచి వచ్చే గాలిని కొలవడం నా పని. ఇల్లు కట్టే ముందు, సొరంగం తవ్వే ముందు, పాత గని మీద బడి కట్టే ముందు, మనిషిని చంపే వాయువు ఏదైనా ఆ నేలలోంచి పైకి వస్తోందేమో చూడాలి. చూసి, ఇక్కడ మనుషులు ఉండవచ్చనో ఉండకూడదనో రాసి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వెయ్యాలి. జర్మనీలో ముద్ర లేని మాటను ఎవరూ లెక్కచెయ్యరు. ముద్ర పడితే తప్పు మాటను కూడా కళ్లకద్దుకుంటారు.

కంపు కొట్టే వాయువు మనకు చుట్టం కింద లెక్క. కుళ్లిన గుడ్డు వాసన రాగానే ఎవడైనా పరుగెడతాడు. భయపడాల్సింది వాసన లేనిదానికి. కాకినాడ బళ్లో బొగ్గుపులుసు వాయువని చదువుకున్నామే, గోలీసోడాలో బుసబుసమంటుందే, అదే. రంగు లేదు, వాసన లేదు, మామూలు గాలికన్నా బరువు. నీళ్లలాగే పల్లం వెతుక్కుంటూ పోయి గుంతలో నిలుస్తుంది. నిలబడ్డవాడికి ఏమీ తెలియదు, వంగినవాడు ఒక్కోసారి మళ్లీ లేవడు.

ఈ ఉద్యోగంలో జీతం మన తెలివికి ఇస్తారనుకునేవాణ్ణి. కాదు, మన భయానికి ఇస్తారు. నాకు భయం పోయిన ఏడాది జరిగిన కథ ఇది.

కుక్క ఎక్కడ పడుకుంటుంది

చేరిన కొత్తలో నా పై అధికారి క్రూగర్ అని ఒక పెద్దమనిషి. నవ్వడు, పొగడడు, టీ తాగుదామని పిలవడు. ఆయనతో కలిసి ఐఫెల్ కొండల్లో ఒక ద్రాక్షసారా రైతు ఇంటికి వెళ్లాం. భూగర్భంలో ఉన్న నేలమాళిగ చూడాలి. నేను ఉత్సాహంగా మీటరు తీసి చొక్కా జేబుకు తగిలించుకుని మెట్లు దిగబోయాను. క్రూగర్ నా భుజం పట్టుకుని ఆపేశాడు.

"ముందు కుక్క ఎక్కడ పడుకుంటుందో అడుగు. మీటరు తర్వాత."

నాకు ఒళ్లు మండింది. ఇంజనీరింగ్ చదివి సముద్రాలు దాటి వచ్చింది కుక్కల కులాసా అడగడానికా అనుకున్నాను. అయినా అడిగాను. చలికాలంలో కూడా తమ కుక్క నేలమాళిగలోకి రాదని, వంటింటి గుమ్మం దగ్గరే పడుకుంటుందని రైతు భార్య చెప్పింది. అప్పుడు క్రూగర్ మీటరుకు తాడు కట్టి మెట్ల మీంచి కిందికి దింపాడు. నేలకు జానెడు ఎత్తులో అది చెవులు చిల్లులు పడేలా మోగింది. పైకి లాగి నా ఛాతీ ఎత్తుకు తెచ్చాడు. చప్పుడు లేదు.

"మన నిబంధనలు నిలబడ్డ మనిషి కోసం రాశారు. నిలబడే బతికేవాడు ఎవడూ లేడు," అన్నాడు. ఆ రోజు రాత్రి భోజనం సయించలేదు నాకు. ఆ భయం ఇరవై ఏళ్లకు పైగా నాకు అన్నం పెట్టింది. తర్వాత మెల్లగా, నాకు తెలియకుండానే అరిగిపోయింది.

డాక్టర్ గారి జావా ఇల్లు

డ్యూసెల్‌డార్ఫ్‌లో విశ్వనాథం గారని పేరున్న పిల్లల డాక్టరు. మన గోదావరి జిల్లాల నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన తరం. ఆయన భార్య సుభద్రమ్మను నేను వదినగారూ అంటాను. ఇద్దరూ జావా దీవి చూడ్డానికి వెళ్లి, కొండల మీద రెండువేల మీటర్ల ఎత్తున ఒక చిన్న ఊరు చూసి మనసు పారేసుకున్నారు. బంగాళాదుంప, క్యాబేజీ తోటలు, పొద్దున్నే చేతికి తగిలేంత పొగమంచు, పక్కనే వేడినీటి ఊటలు. దిగువనున్న పట్నం నుంచి రెండు గంటల ఘాట్ రోడ్డు. విదేశీయులకు అక్కడ భూమి కొనే హక్కు లేదు కాబట్టి లీజుకు తీసుకుని, నాలుగు గదుల గెస్ట్‌హౌస్ కడదామనుకున్నారు. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ ఉందామని ప్లాను.

"మూర్తీ, అగ్నిపర్వతాల నేల అది. నువ్వొకసారి చూసి సరే అంటే దిగుతాను. నీ మాట మీదే," అన్నారు డాక్టర్ గారు.

కంపెనీ తరఫునే వెళ్లాను, స్నేహం కోసం కాదు. నాతో పాటు మౌనిక వచ్చింది. కరీంనగర్ అమ్మాయి, కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ చేసి మా దగ్గర కొత్తగా చేరింది. నేను దిగువ పట్నంలో హోటల్లో దిగాను. రోజూ పదింటికి కొండెక్కి, మూడింటికి దిగిపోయేవాణ్ణి. మోకాళ్లూ నడుమూ సహకరించని వయసు. మౌనిక మాత్రం ఎనిమిది రోజులూ ఊళ్లోనే, బూ వార్తి అనే ముసలామె ఇంట్లో ఉంది. బూ అంటే అక్కడ అమ్మ అన్నట్టు. బూ వార్తి కూతురు శ్రీ కొన్నాళ్లు సింగపూర్‌లో ఇంటి పనులు చేసి వచ్చింది, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. వీళ్లు మొక్కజొన్న అన్నం వండి పెడితే మౌనిక ఆవకాయ కలుపుకుని తిని వాళ్లకూ పెట్టింది.

లీజుకిచ్చే స్థలం పాక్ సుగెంగ్ గారిది. పాక్ అంటే గారు అని. ఊరి పెద్ద ఆయన. స్థలం ఒక పెద్ద పళ్లెంలా ఉంది, చుట్టూ గట్టు, మధ్యలో చదును, అందులో ఊరి ఆడవాళ్లు కూలికి పనిచేసే బంగాళాదుంప తోట. ఊళ్లో ఇళ్లన్నీ కొండ అంచున మెట్లు మెట్లుగా ఇరుక్కుని ఉంటే ఇంత చక్కటి చదునులో ఒక్క ఇల్లూ లేదేమని డాక్టర్ గారు ముందే అడిగారట. పొద్దున పూట అక్కడ చలి ఎక్కువ అన్నాడట పాక్ సుగెంగ్. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం మా మీటరుకు వదిలేశాడు.

కొట్టేసిన వాక్యం

నిబంధన ప్రకారం అన్నీ చేశాను. మీటరు ఛాతీకి తగిలించుకుని స్థలమంతా గళ్లు గళ్లుగా నడిచాను. ఎండ, ఒక మోస్తరు గాలి. మీటరు కిక్కురుమనలేదు. పాత అలవాటు కొద్దీ కుక్క కోసం చూశాను, చూడలేదని మాత్రం అనను. కుక్కలు లేవు. ముస్లిముల ఊరు, కుక్కల్ని పెంచరు. క్రూగర్ నేర్పిన పాఠం అక్కడితో అయిపోయిందనుకుని మీటరు పెట్టెలో పెట్టేశాను. కుక్క లేకపోతే ఎవరిని చూడాలో ఆలోచించడానికి బుర్ర ఉండాలి కదా.

ఆ బుర్ర మౌనికకు ఉంది. ఎర్లాంగెన్ తిరిగొచ్చాక రిపోర్టు చిత్తుప్రతి నా టేబుల్ మీద పెట్టింది. నాలుగో పేజీలో ఒక వాక్యం: "ఇక్కడ పని చేసే ఆడవాళ్లు ఎవరూ ఈ స్థలంలో కూర్చోరు, అన్నం తినడానికి గట్టెక్కుతారు."

"ఇదేంటమ్మా?" అన్నాను.

"నిజం సార్. ఎనిమిది రోజులు చూసిన. బూ వార్తికి మోకాళ్లు నొస్తయ్, అయినా గా గట్టు ఎక్కి పోయి తింటది. ఎందుకని అడిగితే మా అమ్మ గట్లనే చేసేదని చెప్పింది. నాకెందుకో డౌట్ కొడుతుంది సార్."

"పైన గాలి చల్లగా ఉంటుంది, నాలుగు కబుర్లు చెప్పుకోవచ్చు. మనం రాసేది రిపోర్టా, తీర్థయాత్ర పుస్తకమా?"

ఎర్రసిరా పెన్ను తీసి కొట్టేశాను.  ముద్ర వేశాను. ఎవరైనా బలవంతపెట్టారా అంటే లేదు. లంచమా, ఒత్తిడా, అదీ లేదు. అనుభవం అనే కొవ్వు పట్టింది, అంతే.

ఆఫీసు తివాచీ మీద

ఏడాది తిరక్కుండా ఇల్లు లేచింది. మే నెలలో ఒక రోజు పొద్దున్నే డాక్టర్ గారి వాయిస్ మెసేజ్. ఊరు చేరారు, ఈ రాత్రే కొత్తింట్లో మొదటి నిద్ర. వెనక నుంచి సుభద్రమ్మ గారి గొంతు: "మూర్తి గారికి చెప్పండి, ఆయన చెప్పినట్టే చాప తెచ్చుకున్నానని." నవ్వుకుని ఫోను జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం నా నడుము పట్టేసింది. అలా అయినప్పుడు గట్టి నేల మీద వెల్లకిలా పడుకుంటాను, కాసేపటికి సర్దుకుంటుంది. ఆఫీసు తలుపేసుకుని తివాచీ మీద పడుకున్నాను. కళ్లు తెరిస్తే ఎదురుగా గోడ కొక్కేనికి నా మీటరు వేలాడుతోంది. కింద నుంచి చూస్తే అది ఎంత ఎత్తున ఉందో. నేను ఎక్కడున్నానో, అది ఎక్కడుందో.

దిగ్గున లేచి కూర్చున్నాను. ఉగాదికి కలిసినప్పుడు సుభద్రమ్మ గారు నడుం నొప్పి అంటే, "పరుపు మానేసి నేల మీద చాప వేసుకోండి వదినగారూ, నెల రోజుల్లో చూడండి" అన్నది నేనే. చలిప్రదేశం, కొత్త ఇల్లు, కిటికీలన్నీ బిగించుకుని ఉంటారు. గాలి కదలని రాత్రి, పళ్లెం లాంటి నేల. అన్నం తినడానికైనా ఆ నేల మీద కూర్చోని ఆడవాళ్లు. ఆ వాక్యం నేను కొట్టేసిన చోట ఎర్రగీత కళ్ల ముందు కదిలింది.

ఇక్కడ మూడున్నర అంటే అక్కడ ఎనిమిదిన్నర. కొండ ఊళ్లో ఏడింటికే పడుకుంటారు. డాక్టర్ గారికి ఫోను చేశాను, కలవలేదు. మళ్లీ చేశాను. ఆ గుంతలో సిగ్నల్ ఉండదని నా రిపోర్టులో నేనే రాశాను, అదొక్కటి మాత్రం సరిగ్గా రాశాను. పాక్ సుగెంగ్ నంబరు కూడా మూగబోయింది. శ్రీ నంబరు మౌనిక దగ్గర ఉంటుంది. మౌనిక ఆ పూట సెలవు. ఫోను ఆపేసి ఉంది.

కొత్త ఇల్లు మారింది, అన్మెల్డుంగ్ కోసం, అంటే కొత్త చిరునామా నమోదుకు, రాట్‌హౌస్ అనే మునిసిపల్ ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉందని సెలవు చీటీలో రాసింది. సైకిలెక్కాను. పట్టేసిన నడుముతో ఎలా తొక్కానో నాకు గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే, దారి పొడుగునా చుట్టూ ఎండ, జనం ఐస్‌క్రీం తింటున్నారు, నేను మాత్రం ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాను. వదినగారు ఈ ఊపిరి తీసుకుని ఉంటారా, ఈ ఊపిరి తీసుకుని ఉంటారా అని.

గది తలుపు తోసుకుని వెళ్లేసరికి కౌంటరు ఆవిడ చిరాగ్గా లేచింది. మౌనిక కూడా.

"సార్, మూడు వారాలకు దొరికింది ఈ టెర్మిన్..." అని నా ముఖం చూసి ఆగిపోయింది. "ఏమైంది సార్?"

"సుభద్రమ్మ గారు నేల మీద పడుకున్నారు."

ఆ పిల్లకు ఇంకో మాట చెప్పనక్కర్లేకపోయింది. కాగితాలు అక్కడే వదిలేసి వసారాలోకి వచ్చి శ్రీకి కలిపింది. స్పీకర్ పెట్టింది. గబగబా చెప్పింది. 

"కానీ మీ కాగితంలో బాగానే ఉందని రాశారుగా?" అంది శ్రీ.

"కాగితం తప్పని చెప్పమ్మా," అన్నాను మౌనికతో.

"నేను కాదు సార్. మీరే చెప్పుండ్రి." ఫోను నా చేతిలో పెట్టింది. కోపంగా కాదు, కానీ పెట్టింది.

"నా కాగితం తప్పు," అన్నాను. అన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. "తలుపులు, కిటికీలు ముందు తెరవండి. వంగొద్దు. ఊపిరి బిగబట్టి లాగెయ్యండి. ఇద్దరికన్నా ఎక్కువ మంది లోపలికి వెళ్లొద్దు."

వెనక నుంచి బూ వార్తి ఏదో అంది. "అమ్మకు తెలుసట," అని చెప్పి శ్రీ ఫోను పెట్టేసింది.

రాట్‌హౌస్ బయట బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. భయమంటే ఏంటో అప్పటిదాకా నాకు తెలుసనుకున్నాను. సుభద్రమ్మ గారు తమ పెళ్లిరోజు విందులో నాకు ప్రత్యేకంగా వడ్డించిన గుత్తివంకాయ కూర గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మౌనిక నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నీళ్లు తాగుండ్రి సార్" అంది, అంతే. నలభై నిమిషాలకు ఫోను మోగింది. నేను ఎత్తలేకపోయాను, ఆమే ఎత్తింది.

డాక్టర్ గారు మంచం మీద తలనొప్పితో మూలుగుతున్నారట. సుభద్రమ్మ గారు చాప మీద, పిలిస్తే పలకలేదట. శ్రీ, ఆమె భర్త కలిసి చాపతో సహా గట్టు మీదికి లాక్కెళ్లారట. పైన చలిగాలి తగిలిన కాసేపటికి దగ్గారట, వాంతి చేసుకున్నారట. ఇప్పుడు జీపులో దిగువ ఆసుపత్రికి తీసుకెళుతున్నారట. మౌనిక అదంతా చెబుతూ నా చెయ్యి పట్టుకుంది. బతికారు. ఇంకో గంట ఆలస్యమైతే అన్న మాట మేమిద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

గోడ మీది కాగితం

నాలుగో రోజుకు నేను ఆ ఊళ్లో ఉన్నాను. ఆసుపత్రిలో సుభద్రమ్మ గారు నన్ను చూసి, "నడుం నొప్పి మాత్రం తగ్గిందండీ మూర్తి గారూ" అన్నారు. డాక్టర్ గారు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ పెద్దగా మాట్లాడరు, అందులో తప్పేమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న బాపతు నేను.

మధ్యాహ్నం ఒంటిగంటకు కొండెక్కి గట్టు మీద నిలబడి కిందికి చూశాను. అక్కడ చూసింది నాకు ఈనాటికీ కలలోకి వస్తుంది. గుంత మధ్యలో, కొత్తింటి అరుగు నీడన, నేల మీద చాపలు వేసుకుని తొమ్మిదిమంది ఆడవాళ్లు అన్నం తింటున్నారు. ఒకామె తల కింద చెయ్యి పెట్టుకుని పక్కకు ఒరిగి ఉంది. వాళ్ల వెనక తలుపు మీద, ప్లాస్టిక్ కవరులో నా రిపోర్టు మొదటి పేజీ, దాని కింద నా ముద్ర.

పరుగెత్తుకుంటూ దిగాను. శ్రీ నా మాటలు వాళ్లకు చెప్పింది. మర్యాదగా లేచి నిలబడ్డారు. బూ వార్తి నా చేతులు పట్టుకుని ఏదో చాలా ప్రేమగా చెప్పింది.

"మీకు థాంక్స్ చెబుతోంది," అంది శ్రీ. "మీ కాగితం వచ్చినప్పటి నుంచి గట్టు ఎక్కక్కర్లేదు, మోకాళ్లకు సుఖంగా ఉందంటోంది."

అంతకన్నా నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

మర్నాడు తెల్లవారాక అందర్నీ పిలిచి గుంత అంచున నిలబెట్టాను. ఒక దీపం వెలిగించి, కర్రకు కట్టి, మెల్లగా కిందికి దించాను. నేలకు మోకాలెత్తుకు వచ్చేసరికి ఎవరో నోటితో ఊదినట్టు ఆరిపోయింది. అందరూ హడలిపోతారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. బూ వార్తి నెమ్మదిగా తలాడించింది.

"మా అమ్మ కూడా ఇలాగే దించి చూసేది."

"మరి తెలిసి తెలిసి ఎందుకు కూర్చున్నారు?"

"నువ్వు అంత దూరం నుంచి వచ్చావు, మిషను తెచ్చావు. మాకు తెలియనిది నీ కాగితానికి తెలిసి ఉంటుందనుకున్నాం."

కిటికీలు మూసుకోవడం వల్లే డాక్టర్ గారి భార్యకు అలా అయిందని పాక్ సుగెంగ్ ఊళ్లో చెప్పాడట. ఆయన్ను పూర్తిగా తప్పుపట్టలేను, ఆయన చేతిలో నా ముద్ర ఉంది మరి. నేను చేత్తో ఒక కాగితం రాసి తలుపుకు అంటించాను. సాయంత్రానికి దాన్ని ఎవరో పీకేశారు. ముద్ర లేదుగా. నా ముద్ర ఎర్లాంగెన్‌లో ఉంది.

ఆ రోజే మౌనికకు ఫోను చేశాను. "కొత్త రిపోర్టు నువ్వు రాయి. నువ్వు రాసినదాంట్లో ఒక్క అక్షరం నేను ముట్టుకోను." రాసి, పై అధికారి సంతకం పెట్టించి, ముద్ర వేయించి, కొరియర్‌లో అది నా చేతికి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ మధ్యాహ్నం అన్నం వేళకు గుంతలోకి వెళ్లి నిలబడేవాణ్ణి. ఎవరైనా కూర్చోబోతే చేతులు జోడించేవాణ్ణి. వాళ్లు నవ్వేవాళ్లు, లేచేవాళ్లు, నన్ను చూసి జాలిపడేవాళ్లు. మేఘం పట్టి గాలి ఆగిన రోజున ఇంకా ముందే వెళ్లేవాణ్ణి. తలలు లెక్కపెట్టుకునేవాణ్ణి, తొమ్మిది, మళ్లీ తొమ్మిది. అదంతా అయ్యాక ఎర్లాంగెన్ తిరిగొచ్చి నా అంతట నేనే ఉద్యోగం మానుకున్నాను. వయసు అయిందని అందరూ అనుకున్నారు.

పన్నెండో రోజు కవరు వచ్చింది. కొత్త రిపోర్టులో మొదటి పేజీ, మొదటి వాక్యం: "ఇక్కడ పని చేసే ఆడవాళ్లు ఎవరూ ఈ స్థలంలో కూర్చోరు, అన్నం తినడానికి గట్టెక్కుతారు." దాని కింద ముద్ర. పాక్ సుగెంగ్ రెండుసార్లు చదివి, తన చేత్తోనే పాత కాగితం తీసి కొత్తది పెట్టాడు. శ్రీ పైకి చదివి వినిపిస్తే బూ వార్తి పకపకా నవ్వింది.

"ఇది మేం చెప్పిందేగా. దీనికి ఇంత దూరం పంపించాలా?"

అన్నం బుట్ట తీసుకుని గట్టు ఎక్కడం మొదలుపెట్టింది. సగంలో మోకాలు పట్టుకుని ఆగింది. నేను వెళ్లి బుట్ట అందుకున్నాను. ఇంకోసారి ఆగి, నా వైపు చూసి, మోకాలు చూపించి ఏదో గొణిగింది. తర్జుమా చెయ్యడానికి శ్రీ దగ్గర్లో లేదు, నాకు అవసరమూ లేకపోయింది.

నీ సర్వీసు మొత్తంలో చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. ఒక ముసలమ్మకు పోయిన మోకాళ్ల నొప్పి తిరిగి తెచ్చి ఇచ్చాను.